ఒక స్లాట్ ఖాళీ

మా నాన్న బుక్ చేసిన స్కూటర్ ఏడేళ్ళకి వచ్చింది. నేను బుక్ చేసిన లాప్‌టాప్ డెబ్బై మూడు రోజులకి వచ్చింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఎదురుచూశారన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలని తగాదా.

ఆర్డర్ పెట్టింది 2022 మే 14, శనివారం. అంతకు రెండు వారాల ముందు ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఆగస్టు 1 నుంచి వారానికి మూడు రోజులు అందరూ హైదరాబాద్ ఆఫీసుకి రావాలని. 2020 మార్చిలో రెండు జతల బట్టలతో ఊరికొచ్చి ఉండిపోయినవాణ్ణి నేను. పి. గన్నవరం దగ్గర, వైనతేయ ఏటిగట్టుకి నాలుగు కొబ్బరితోటల ఇవతల మా ఇల్లు. 2021లో అమ్మ పోయింది. నాన్నకి డెబ్బై రెండేళ్ళు. రిటైరైన మేష్టారు. వండుకోగలరు, నడవగలరు, నన్ను హైదరాబాద్ వెళ్ళిపొమ్మని రోజుకోసారి చెప్పగలరు కూడా.

ఉద్యోగం మానేస్తే ఆఫీసు లాప్‌టాప్ తిరిగిచ్చెయ్యాలి. ఇక్కడే కూచుని చిన్నాచితకా ప్రాజెక్టులు చేసుకుందామంటే సొంత మెషీన్ ఉండాలి. నా సొంతది 2014 నాటిది. ర్యామ్ పెంచి, ఎస్‌ఎస్‌డీ వేసి, ఎలాగో ఎనిమిదేళ్ళు నెట్టుకొచ్చాను. దాని మీద పుస్తకాల గురించి నాలుగు ముక్కలు రాసుకోవచ్చు తప్ప కూలి పని కుదరదు. అంచేత కొత్త లాప్‌టాప్ కొనడమంటే సగం రాజీనామా రాసినట్టే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాన్నతో మాత్రం "పాతది పాడైపోయింది నాన్నా" అన్నాను. పాపం, అది ఆ పక్కనే బల్ల మీద చక్కగా వెలుగుతోంది.

లాప్‌టాప్‌ని మనకి కావలసినట్టు కట్టించుకునే పేజీలు మీరూ చూసే ఉంటారు. ప్రాసెసర్, ర్యామ్, డిస్కు, తెర, బ్యాటరీ, వారంటీ. ప్రతి గడి పక్కనా ఒక ప్లస్ గుర్తు, దాని పక్కన రూపాయలు. జీతం వచ్చే మనిషికి అది షాపింగు. జీతం ఆగబోతున్న మనిషికి మాత్రం అది, ఐదేళ్ళ తర్వాత నువ్వేం చేస్తూ ఉంటావో ఇప్పుడే చెప్పు, అని నిలదీసే పేజీ. రాత్రుళ్ళు లాప్‌టాప్ రివ్యూలు చూస్తూ కూచునేవాణ్ణి. వాళ్ళని చూస్తే కాస్త అసూయ కూడా. పుస్తకం బావుందో లేదో చెప్పాలంటే మేం పేజీలకి పేజీలు తంటాలు పడతాం, వాళ్ళకి నంబర్లున్నాయి.

మొత్తానికి నేను పట్టుకున్న సూత్రం ఒకటే. తర్వాత విప్పి మార్చుకోగలిగినవి తక్కువలో తీసుకో, మార్చలేనివి ముందే మంచివి తీసుకో. డిస్కు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అందుకని 512 జీబీ చాలనుకున్నాను. ప్రాసెసర్ బోర్డుకి అతికే వస్తుంది, కానీ నా పనికి మధ్యరకం చాలు. చిక్కంతా ర్యామ్ దగ్గరే. పల్చటి లాప్‌టాప్‌లలో అదీ బోర్డుకే అతికించేసి ఇస్తున్నారు. అందులో వాడే తక్కువ కరెంటు తాగే రకం మెమరీ ప్రాసెసర్‌కి ఆనుకుని ఉండాలి, మధ్యలో మామూలు సాకెట్ పెడితే ఆ వేగం నిలవదు, పైగా సాకెట్ మందం. కారణాలు నిజమే. ఫలితం మాత్రం, కొన్నరోజున ఎంత ఉంటే చచ్చేదాకా అంతే. ఆపిల్ వాళ్ళయితే అప్పట్లో ఎనిమిది నుంచి పదహారు జీబీకి వెళ్ళడానికి ఇరవై వేలు అడిగేవారు. సగం అతికించి, సగం కోసం ఒక స్లాట్ వదిలే మోడళ్ళు ఇంకా కొన్ని మిగిలాయి. పదహారు అతికించి ఒక స్లాట్ ఖాళీగా ఉన్నది తీసుకున్నాను. ఆ ఖాళీలో కంపెనీ చేతే ఇంకో పదహారు పెట్టించుకుంటే పధ్నాలుగు వేలు. బయట కొని నేనే పెట్టుకుంటే ఐదారు వేలు. ఆ ఐదారు వేలు కూడా అప్పుడు పెట్టలేదు. ప్రాజెక్టులు దొరికితే చూద్దామనుకున్నాను.

డబ్బు పెట్టిందల్లా తెర మీదే. పాత లాప్‌టాప్ తెర 15.6 అంగుళాలు, 1366 బై 768. అంటే అంగుళానికి దాదాపు వంద చుక్కలు. ఇంగ్లీషు అక్షరాలకి అది చాలు. తెలుగుకి చాలదు. దకి, ధకి తేడా కింద ఉండే చిన్న గీత. ప, ఫ అంతే. డ, ఢ అంతే. ఆ గీతకి వంద చుక్కల తెర మీద దక్కేది ఒకటో రెండో చుక్కలు. ఇక "రాష్ట్ర", "లక్ష్మి" లాంటి మాటలొస్తే ఒత్తు కింద ఒత్తు పడి, కింది వరస నెత్తికి తగలకుండా అక్షరాన్ని కుదించాలి. కుదిస్తే ఒత్తు మచ్చవుతుంది. పాత భారతి సంచికల స్కాన్లు చదువుతుంటే నేను సగం మాటలు చదివేవాణ్ణి కాదు, ఊహించేవాణ్ణి. ఒకసారి "విధి"ని "విది"గా చూసి అచ్చుతప్పుల మీద ఒక పేరా ఎద్దేవా రాసి, పంపబోయే ముందు పెద్దది చేసి చూసుకుని నాలిక్కరుచుకున్నాను. కొత్తది పద్నాలుగు అంగుళాలకి 1920 బై 1200, అంటే అంగుళానికి నూట అరవై చుక్కల పైమాట. పొడవు కూడా కాస్త ఎక్కువ, పుస్తకం పేజీకి దగ్గరగా ఉంటుంది. వెలుతురు మూడొందల నిట్లదీ ఉంది, నాలుగొందలదీ ఉంది. మా అరుగు మీద మధ్యాహ్నం ఎండ కొబ్బరాకుల్లోంచి జారి సరిగ్గా తెర మీదే పడుతుంది. నాలుగొందలదే నొక్కాను. బ్యాటరీ కూడా పెద్దదే. వేసవిలో మా ఊళ్ళో కరెంటు సంగతి తెలిసినవాడెవడూ అక్కడ పొదుపు చెయ్యడు.

ఇవన్నీ నొక్కి, డబ్బు కట్టేశాక అర్థమైంది. అరుగు, ఎండ, కరెంటు కోత. అన్నీ ఇక్కడివే. హైదరాబాద్ ఆఫీసులో వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. ఉండాలా వెళ్ళాలా అని నెల రోజులుగా కొట్టుమిట్టాడుతున్నానని నేననుకుంటున్నాను కానీ, ఆ గడులు నింపినవాడికి ఆ సందేహం లేదు.

జూన్ 10కి వస్తుందన్నారు. ఆ ఏడాది చిప్పుల కొరత ఇంకా నడుస్తోంది. కొరతంటే పెద్ద ప్రాసెసర్లదే అనుకుంటాం. చాలాసార్లు ఆగేది కరెంటుని అదుపు చేసే చిన్న చిప్పు దగ్గర, తెరని నడిపే చౌక చిప్పు దగ్గర. పెళ్ళి భోజనం సిద్ధమయ్యాక ఉప్పు లేదన్నట్టు. దానికి తోడు షాంఘైలో మార్చి చివర్లో మొదలైన లాక్‌డౌన్ జూన్ 1 దాకా సాగింది. జూన్ 10 కాస్తా జూన్ 30 అయ్యింది. జూన్ 30 జూలై 12 అయ్యింది.

ఈలోగా మే 24న అమలాపురంలో జిల్లా పేరు మార్పు మీద అల్లర్లు జరిగాయి. వాటి గురించి రాయాలంటే వేరే రాయాలి, ఒక లాప్‌టాప్ కథలో ఇరికించకూడదు. నాకు తగిలిన ముక్క ఏమిటంటే, కోనసీమంతా ఫోన్లలో నెట్ ఆగిపోయింది. నా ఇంటర్నెట్టు ఫోనే. రోజుల తరబడి అంతే. ఉద్యోగం కోసం రోజూ బండేసుకుని రాజోలు మీదుగా దిండి వెళ్ళి, చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటేవాణ్ణి. అవతల పశ్చిమ గోదావరి జిల్లా, అక్కడ సిగ్నల్. వంతెన దిగగానే ఫోను గుప్పుమని మోగేది. చెట్టు కింద బండి స్టాండు వేసి, సీటు మీద ఆఫీసు లాప్‌టాప్ పెట్టుకుని, ముందు ఆఫీసు మెయిళ్ళు కాదు, ఆర్డర్ పేజీ తెరిచేవాణ్ణి. "తయారీలో ఉంది." అంతే, రోజూ అదే. రానూపోనూ యాభై కిలోమీటర్ల పైన తిరిగి ఆ రెండు మాటలు చదివొచ్చేవాణ్ణి.

స్కూటర్ కథ నాన్న బయటికి తీసింది అప్పుడే. 1979లో ఆయన రాజోలు దగ్గర బడిలో పనిచేసేవారు. రోజూ సైకిలు మీద వెళ్ళలేక చేతక్‌కి డిపాజిట్ కట్టారు. రంగు మన ఇష్టం కాదు, ఏదిస్తే అది. బజాజ్ స్కూటర్‌కి అప్పట్లో ఏళ్ళ తరబడి వరస ఉండేది. పెళ్ళిసంబంధాల్లో "కుర్రాడికి స్కూటర్ బుక్కయ్యింది" అని కూడా చెప్పుకునేవారట. 1986 వేసవిలో కబురొచ్చింది. అప్పటికి ఆయనకి మా ఊరి బడికే బదిలీ అయిపోయింది. ఇంటి నుంచి నాలుగు నిమిషాల నడక.

"మరి ఎందుకు తీసుకున్నారు?" అన్నాను.

"బుక్ చేసినవాడికి కావాలి కదరా" అన్నారు.

అదే ఏడాది ఆగస్టులో గోదారి వచ్చింది. ఆ వరద గురించి మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. కొత్త స్కూటర్‌ని నలుగురు పట్టుకుని ఏటిగట్టు మీదికి ఎక్కించారట. అమ్మ పెట్టెలు తర్వాత ఎక్కాయట, ఆవిడ దాన్ని ముప్ఫై ఏళ్ళు గుర్తుచేస్తూనే ఉంది. ఆ బండి 2009 దాకా తిరిగింది. ఊళ్ళో ఏ మెకానిక్ అయినా విప్పగలడు, ఏ ముక్కైనా దొరికేది. అంతకంటే రహస్యం లేదు.

జూలై 13న నా లాప్‌టాప్ రాజమండ్రి చేరిందని చూపించింది. ఇంటికి డెబ్బై కిలోమీటర్లు కూడా ఉండదు. సరిగ్గా ఆ వారమే మళ్ళీ గోదారి.

మా వైపు వరదని ఎవరూ ఊరికే ఎదురుచూడరు, లెక్కగట్టి చూస్తారు. భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులుందో తెలిస్తే ధవళేశ్వరం ఎప్పుడు పెరుగుతుందో, అక్కణ్ణుంచి మన గట్టుకి ఎప్పుడొస్తుందో చెప్పొచ్చు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నాన్న ఒక పాత హాజరుపట్టీలో గళ్ళు గీసి, టీవీలో చెప్పినప్పుడల్లా అంకె వేసేవారు. 16న భద్రాచలంలో 71 అడుగులు దాటింది. "రేపటికి ధవళేశ్వరంలో పీకమీదికొస్తుంది, ఆ తర్వాత మనమే" అన్నారు. మర్నాడు బ్యారేజీ నుంచి పాతిక లక్షల క్యూసెక్కుల పైన వదిలారు. ఆ రాత్రంతా ఊరు ఊరే గట్టు మీద ఉంది, ఇసుక బస్తాలతో, టార్చిలైట్లతో. ఆయన చెప్పిన వేళకి నీళ్ళు ఆయన చెప్పినంత ఎత్తుకి వచ్చాయి.

గట్టు మీద నిలబడి ఫోను తీసి చూస్తే నా ఆర్డర్ పేజీలో ఇలా ఉంది: "డెలివరీకి ప్రయత్నించాం. కస్టమర్ ఇంట్లో లేరు."

గట్టు నిలబడింది. లంకలో మాకున్న ముప్పాతిక ఎకరం అరటి నిలబడలేదు. నీళ్ళు తీశాక పడవలో వెళ్ళి చూసొచ్చాం. చెట్లు ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి, మీద ఒండ్రు. నాన్న ఏమీ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు పడవలో, నీళ్ళకేసి చూస్తూ అడిగారు.

"ఉద్యోగం వదిలేస్తున్నావా?"

"ఎవరు చెప్పారు?"

"మనిషికి పనిచేసే కంప్యూటర్లు రెండుండగా మూడోది ఎందుకురా? ముప్ఫై ఏళ్ళు మేష్టర్నిరా నేను. నా కోసమైతే వద్దు."

"మీ కోసం కాదండీ" అన్నాను. మామూలుగా ఆయన్ని అండీ అనను. అబద్ధం సగమే కాబట్టి నోరు అలా తిరిగిందేమో. పడవవాడు మాత్రం మమ్మల్ని మార్చి మార్చి చూశాడు.

జూలై 26, మంగళవారం. కొరియరు కుర్రాడు ఫోన్ చేశాడు. "ఆయ్, గన్నవరం అక్విడెక్టు దాకా వచ్చానండి. లోపలికి బురదండి, బండి రాదండి." నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. ఆ రాత్రి అరుగు మీద లైటు వేస్తే ఉసిళ్ళు. లైటార్పి తెర ఆన్ చేస్తే వచ్చి దాని మీదే వాలాయి. ఒకటి సరిగ్గా ధ మీద వాలింది, గీత కనపడకుండా. మొత్తానికి తెర బావుంది. పెట్టిన డబ్బుకి పశ్చాత్తాపం లేదు.

మర్నాడు పొద్దున్నే వెనక మూత విప్పాను. అవసరం లేదు, చూడాలనిపించింది అంతే. నాన్న టార్చి పట్టుకుని వంగి చూశారు.

"ఇక్కడేంటిరా, ఖాళీగా ఉంది?"

"ఇంకో ర్యామ్ పెట్టుకునే చోటు."

"పెట్టలేదే?"

"తర్వాత చూద్దామని."

కాసేపు ఆలోచించి, "అయితే స్టెప్నీ లేకుండా బండి కొన్నావన్నమాట" అన్నారు.

అది స్టెప్నీ కాదని, అసలు దానికీ దీనికీ పోలికే లేదని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ మధ్యాహ్నమే మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. నోటీసు నెల రోజులు, ఇంటి నుంచే చేసెయ్యమన్నారు.

ఆగస్టు ఆఖర్లో ఆఫీసు లాప్‌టాప్ పంపాల్సి వచ్చింది. దానికి సరిపడే అట్టపెట్టె కొత్తదాని పెట్టే. పైన నా పేరూ ఊరూ ఉన్న చీటీ పీకితే సగమే ఊడింది. మిగిలిన సగం మీద హైదరాబాద్ అడ్రసు రాసిన కాగితం అంటించాను. నాన్న టేపు చివర పట్టుకున్నారు, నేను చుట్టాను.