క్రిస్మస్ తాతకు కడప మాట

ఇదిగో వదినా, నీ డబ్బా. ఉత్తది ఇయ్యకూడదని నాలుగు నిప్పట్లు ఏసినా. నీ కజ్జికాయలు ఎట్లుండాయని మాత్రం అడగొద్దు, అది తర్వాత చెప్తా. ముందు గోడకు ఆ పక్క రవ్వంత కూచో. నిన్న తిరిగిన తిరుగుడికి నా మోకాళ్ళు ఈ పొద్దుకూ పట్టుకునే ఉండాయి.

అంతా మా మనవరాలి పని. బోస్టన్ నుంచి దిగిన కాడి నుంచి ఒకటే పాట: "అవ్వా, ఇక్కడ క్రిస్మస్ పార్కు ఎక్కడుంది?" వాళ్ళకు మూడు గంటల దారిలో న్యూహాంప్‌షైర్ కొండల్లో జెఫర్సన్ అనే ఊరుందంట. ఆడ శాంటాస్ విలేజ్ అని పార్కు, 1953లో తెరిచినారంట. బుల్లి ఇండ్లు, బుల్లి రైలు, కొమ్ముల రెయిన్‌డీర్లు. వాటికి చేత్తో మేత పెట్టొచ్చంట. పోయిన జూన్‌లో పోయొచ్చినారు. జూన్‌లో క్రిస్మస్ ఏందే అంటే నా కూతురు పడీపడీ నవ్వె. ఇంకా ఇనుకో, ఇండియానా రాష్ట్రంలో ఒక ఊరి పేరే శాంటాక్లాజ్ అంట! 1946లో ఆడ కూడా ఇట్లాంటి పార్కే పెట్టినారంట. మనకు ముద్దనూరు, ఎర్రగుంట్ల ఎట్లనో, వాళ్ళకు శాంటాక్లాజ్. బస్సు బోర్డు మీద ఆ పేరు ఎట్లుంటదో అనుకున్నా.

"ప్రొద్దుటూర్లో ఏముందమ్మా, బంగారం అంగళ్ళు తప్ప" అని మా ఆయన అంటే బిడ్డ మొకం ఇంత చేసుకునింది. అప్పుడు మతికొచ్చింది నాకు, నువ్వు ఏటేటా అనే మాట: పాత క్రిస్మస్ చూడాల్నంటే జమ్మలమడుగు పోవాల్సిందే అని. కారు మాట్లాడుకుని, ఉగ్గాని తిని, పొద్దన్నే బయల్దేరినాం. మీరిద్దరూ ముందురోజే పోయినారు కదా, ఆడ కలుస్తారులే అనుకున్నా. ఆ జనంలో యాడ కనపడతారు!

మొదట ఆసుపత్రి చూపిచ్చినా దానికి. నేను పుట్టింది ఈడే అంటే నమ్మలా. క్యాంబెల్ దొర, ఆ దొరసాని ఇద్దరూ డాక్టర్లే కదా వదినా. లండన్ మిషన్ వాళ్ళు పంపిస్తే ఈ ఎండల్లోకొచ్చి ఆసుపత్రి పెట్టినారు. మొగ డాక్టరుకు చెయ్యి చూపని కాలంలో ఆ దొరసాని లేకుంటే మన ఆడోళ్ళ గతి ఏందో! వై.ఎస్. రాజశేఖరరెడ్డి డాక్టరు చదివినాక పనిచేసింది కూడా ఈ మిషన్ ఆసుపత్రిలోనే. పులివెందులలో నాయన పేరు మీద 70 పడకల ఆసుపత్రి పెట్టింది ఆ తర్వాత, 1973లో. బోర్డు మీద సి.ఎస్.ఐ. అని చూసి అదేంది అవ్వా అనె. 1947లో స్వాతంత్ర్యమొచ్చి నెలన్నర కాకముందే మద్రాసులో మిషన్లు కొన్ని కలిసి ఒకే సంఘమైనాయని మీ మామ చెప్తాండె కదా, అదే చెప్పినా.

చర్చిలో హార్మోనియం మీద పురుషోత్తమ చౌదరి కీర్తన ఎత్తుకున్నారు. ఆయన పోయింది 1890లో. రాగం, తాళం చూస్తే మన త్యాగరాజ కీర్తన మాదిరే. "జింగిల్ బెల్స్ పాడరా?" అని పిల్ల నా చెవిలో గొణుగుతాంటే నోరు మూసినా.

అయిపోయినాక బయట క్రిస్మస్ తాత వచ్చె. ఎర్ర కోటు, దూది గడ్డం. ఆ గడ్డం ఒక పక్క ఊడి ఏలాడతాంది. నేరుగా మా పిల్ల ముందర నిలబడి, "ఏం పాపా, సాక్లెట్ కావాల్నా? ఇంకోటి తీసుకో, ఎవురూ ఏమనర్లే" అనె. పిల్ల కొయ్యబారిపోయింది! జెఫర్సన్‌లో తాత ఇంగిలీసు మాట్లాడె, ఈయనకు అవ్వ మాట ఎట్లొచ్చె అని దాని అనుమానం.

ఆడి నుంచి గండికోటకు పోయినాం. ఆ సంగతి ఏం చెప్పేది. సెలవని జనం తిరునాళ్ళ మాదిరి. మాధవరాయ గుడీ, జుమ్మా మసీదూ పక్కపక్కనే చూసి, లోయ కాడ పెన్నను చూస్తా నీ డబ్బా మూత తీసినా. అంతే, యాడి నుంచి వచ్చెనో కోతి, డబ్బా బోర్లేసి కజ్జికాయలన్నీ ఎత్తకపోయె. బండ మీద కూచుని లోపల పూర్ణం తిని పైచెక్కులు మా మీదికి ఇసిరె! పిల్లకు రెయిన్‌డీర్ మతిలోంచి పోయింది, ఇప్పుడు కోతే.

పులివెందుల చేరేసరికి పొద్దుగూకె. వై.ఎస్. కుటుంబం క్రిస్మస్ ప్రార్థన చేసే సి.ఎస్.ఐ. చర్చిని బయట నుంచే చూసినాం. ఉలిమెల్ల చెరువు గట్టున చీనీకాయ రసం తాగి, రాత్రి ఇల్లు చేరినాం.

పండుకునేటప్పుడు పిల్ల మళ్ళా అడిగె, "అవ్వా, ఆ తాత నిజం తాతేనా?" అవునన్నా. నీకు మాత్రం చెప్తా, గోడకు దగ్గరికి రా. ఎర్ర కోటు కింద నీలం పట్టీల చెప్పులుండె. ఎడమ చెప్పుకు పిన్నీసు. దీపావళి నాడు మా వాకిట్లో తెగితే ఆ పిన్నీసు గుచ్చింది నేనే కదా వదినా. అన్నతో అను, పిల్ల ఊరికి పోయేదంకా ఆ చెప్పులు ఇంట్లోనే పెట్టమని.