బొంగురు గొంతు, నూనె వంట

పాఠం చెప్పుకొని బ్రతికేవారికి గొంతే పనిముట్టు. ఆ పనిముట్టు నన్ను రెండేళ్ళపాటు ఏడిపించింది. ఉదయం మొదటి పీరియడులో పద్యం ఎత్తుకుంటే రెండవ పాదానికే స్వరం బొంగురుపోయేది. హోసూరు చలి అనుకున్నాను, సుద్దపొడి అనుకున్నాను, మిరియాల పాలు త్రాగాను. చివరకు వైద్యుడు గొంతులోనికి సన్నని గొట్టం పంపి చూసి, "మాస్టారూ, రాత్రి భోజనం ఎన్ని గంటలకు?" అని అడిగారు. గొంతు చూపించుకోబోతే పొట్ట సంగతి అడుగుతారేమిటని విస్తుపోయాను.

ట్యూషన్లు ముగించి ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. పూరీలో, నూనెలో తేలే గుత్తివంకాయ కూరో తిని, అరగంటకే పక్క మీద వాలేవాణ్ణి. మీలో ఎందరిది ఇదే దినచర్యో!

అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల కండరాల గొట్టం. దాని అడుగున ఒక కండర వలయం ఉంది. మామూలుగా బిగిసి ఉంటుంది, మ్రింగినప్పుడు వదులవుతుంది. తేన్పు వెళ్ళడానికి మ్రింగకుండానే కొన్ని క్షణాలు తెరచుకుంటుంది కూడా. ఆ సందులోనే పొట్టలోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. కొవ్వు చిన్నప్రేగు మొదటి భాగాన్ని చేరగానే కొలిసిస్టోకైనిన్ అనే హార్మోను విడుదలవుతుంది. అది పిత్తాశయాన్ని ముడిచి పైత్యరసాన్ని రప్పిస్తుంది, పొట్ట ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది, పైనున్న వలయపు బిగువును సడలిస్తుంది. కుండ నిండుగా ఉంది, మూత వదులైంది, దాన్ని అడ్డంగా పడుకోబెట్టాను! నిద్రలో ఆమ్లం స్వరపేటిక దాకా ప్రాకిందని వైద్యుని నిర్ణయం. ఛాతీలో మంట లేకుండానే ఇలా జరగవచ్చునట.

అయితే కొవ్వు ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టలేము. కేలరీలు సమానంగా ఉంచి చేసిన కొన్ని పరీక్షలలో కొవ్వు ఎక్కువైన భోజనానికీ తక్కువైనదానికీ పెద్ద తేడా కనబడలేదు. తిన్న పరిమాణం, తిన్న వేళ, ఒంటి బరువు కూడా లెక్కలోనికి వస్తాయి.

ఇదంతా ఏడవ తరగతిలో బొమ్మ గీసి చెప్పాను. మన పిల్లలకు ఉణవుక్కుళాయ్ అంటే తెలుస్తుంది గాని అన్నవాహిక అంటే బొమ్మ కావాలి. ఒక పిల్లవాడు లేచి, "తలక్రిందులుగా నిలబడి తింటే అన్నం నోట్లోంచి పడిపోతుందా సార్?" అన్నాడు. పడదు, గొట్టపు కండరాలు అలలు అలలుగా ముడుచుకుంటూ ముద్దను పొట్టవైపే నెడతాయి అన్నాను. "మరి మీకెందుకు పైకొచ్చింది సార్?" తరగతి అంతా నవ్వు. పాఠం అర్థమైందని నాకప్పుడు రూఢి అయింది.

మందులు కొన్ని వారాలు వాడాను. ఇప్పుడు ఏడు గంటలకే, రెండు ట్యూషన్ల నడుమ, డబ్బాలోని భోజనం ముగిస్తున్నాను. పూరీలు ఆదివారం మధ్యాహ్నానికి మారాయి. మంచం తలవైపు కోళ్ళ క్రింద ఇటుకలు పెట్టాను, ఎడమవైపు తిరిగి పడుకుంటున్నాను. మ్రింగడం కష్టమైనా, వాంతిలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా నా చిట్కాలు నమ్ముకోక వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళండి.

మొన్న సోమవారం పద్యం నాలుగవ పాదం దాకా సాగింది. మధ్యలో ఒక్కసారి దగ్గాను, అంతే.