"బై ది వే" అను మాట



కాలేజీలో చదువుకొను మన పిల్లలు మాటిమాటికి "బై ది వే" అనుట మీరు వినే ఉందురు. "వే అంటే దారి కదా అయ్యగారూ, కూర్చున్నచోట ఈ దారి గొడవేమిటి?" అని ఇండ్లను దర్శించునప్పుడు పెద్దలు మమ్మును అడుగుచుందురు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆ మాటకు మొదటి అర్థము "త్రోవలో" అనియే. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలులో అట్లే వాడిరి. లూకా సువార్త 24వ అధ్యాయములో, ఎమ్మాయుకు నడుచుచున్న ఇద్దరు శిష్యులతో ప్రభువు త్రోవలో మాటలాడిన సంగతి చెప్పుచోట ఈ మాటలే ఉన్నవి. అక్కడ అది కాళ్లు నడిచిన దారి. నేటి వాడుకలో సంభాషణే దారి. ఒక విషయము మాటలాడుచుండగా, ప్రక్కన తోచిన మరొక విషయము ఎత్తుకొనుటకు ఈ మాట వంతెన వంటిది.

తెలుగులో మనము "అన్నట్టు" అందుము. "ఎరువుల ధర మళ్లీ పెరిగింది. అన్నట్టు, మీ కోడలు ఊరినుండి వచ్చిందా?" ఇదే "బై ది వే". పిల్లలు ఫోనులో వ్రాయు "బి.టి.డబ్ల్యు." కూడ ఇదే. ఇది చనువుగల మాట. స్నేహితుని ఉత్తరములో తగును గాని బ్యాంకుకు పెట్టు దరఖాస్తులో తగదు. "బై వే ఆఫ్" అనునది వేరు. దానికి "మీదుగా", "ద్వారా" అని అర్థము.

ఈ మాట వచ్చినదంటే, తరువాత చెప్పునది చిన్న సంగతి అని సూచన. కాని మనుష్యులు తమ పెద్ద బరువులను కూడ దీని చాటుననే దించుదురు. అరగంట వానల గూర్చి, పంటల గూర్చి మాటలాడిన తల్లి, మేము ప్రార్థన ముగించి చెప్పులు వేసుకొనునప్పుడు, "అన్నట్టు అయ్యగారూ, అమ్మాయి పుట్టింటికొచ్చి మూడు నెలలైంది" అనును. పట్నమునుండి ఫోను చేసిన కుమారుడు అందరి క్షేమము అడిగి, పెట్టేయబోవుచు, "బై ది వే నాన్నా, నా ఉద్యోగం పోయింది" అనును. ముందుగా చెప్పుటకు వారికి నోరు రాలేదు.

కాబట్టి ప్రియులారా, మీ ఇంటిలో ఎవరైనను "అన్నట్టు" అనినప్పుడు తొందరపడి లేవకుడి. చెప్పులు విడిచి మరల కూర్చుండుడి. ఫోను అయితే, "చెప్పు నాయనా" అని మరి కొంతసేపు వినుడి.