సాయిబు బండి

ఇంజన్ చెడిపోయిన పాత కారును బాగు చేయించాలా, అమ్మేయాలా అన్నది ఎవరింట్లోనైనా లెక్కల వ్యవహారం. ఖర్చెంత, చేతికొచ్చేదెంత, ఇంకెన్నాళ్ళు నడుస్తుంది? ఈ మూడూ తేలితే సంగతి తేలిపోతుంది. మా ఇంట్లో తేలలేదు. మా లెక్కలో ఇంకో పద్దు ఉంది. అది మా పేరు.

మాది కోదాడ. హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద ఊరు. మా వాళ్ళలో చాలామంది ఆ రోడ్డునే నమ్ముకుని బతికారు. పంక్చర్లు వేశారు. లారీలు తోలారు. షెడ్లలో స్పానర్లు పట్టారు. వెల్డింగు మంటకి కళ్ళు మండించుకున్నారు. మాకు భూముల్లేవు. చదువులు పదో తరగతి దగ్గర ఆగేవి. సర్కారు కొలువు మా గల్లీ మొహం చూడలేదు. 2006లో సచార్ కమిటీ రిపోర్టు వచ్చినప్పుడు, ముస్లింలు ఉద్యోగాల్లో తక్కువ, సొంత పనుల్లో ఎక్కువ అని పేపర్లన్నీ రాశాయి. పొద్దున్నే మా గల్లీలో ఒక్క చుట్టు తిరిగితే ఏ కమిటీ లేకుండానే ఆ సంగతి తెలిసేది.

అబ్బా డ్రైవరు. మొదట్లో వేరే వాళ్ళ టాక్సీ నడిపేవాడు. 1992 డిసెంబర్ ఆరు తర్వాత ఆ ఓనరు, అద్దం మీద 786 అంకె గీకెయ్యమన్నాడు. కోపంగా కాదు, మంచిగానే చెప్పాడు. బేరాలు పోతున్నాయన్నాడు. అబ్బా బ్లేడు తీసుకుని తనే గీకాడు. 1999లో అప్పు చేసి సొంతంగా సెకండ్ హ్యాండ్ డీజిల్ అంబాసిడర్ కొన్నాడు. 1994 మోడల్. కొన్న రోజే అద్దం మీద 786 మళ్ళీ అంటించాడు. పక్కనే ఏసుక్రీస్తు బొమ్మ, వెంకటేశ్వరస్వామి బొమ్మ కూడా పెట్టాడు. ఎక్కేవాళ్ళు అందరూ ఎక్కాలి కదా అనేవాడు.

అందరూ ఎక్కారు కూడా. ఏటా జనవరిలో జాన్‌పహాడ్ ఉర్సుకు కిరాయి ఉండేది. సైదులుకు మొక్కుకున్న హిందువులే అందులో ఎక్కువ. మట్టపల్లి నరసింహస్వామి దగ్గరికి, భద్రాచలానికి, యాదగిరిగుట్టకు మా బండి ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కలేదు. 786 చూసి ఎక్కబోయి దిగి, వెనక బండికి పోయినవాళ్ళూ ఉన్నారు. 2007లో హైదరాబాదులో పేలుళ్ళు జరిగాక రోడ్డు మీద చెకింగ్‌లో మా డిక్కీ తెరిచినన్నిసార్లు వేరే బండ్ల డిక్కీ తెరవలేదు. అబ్బా దిగేవాడు, తెరిచేవాడు, మూసేవాడు, ఎక్కేవాడు. ఇంటికొచ్చి ఒక్క మాట అనేవాడు కాదు.

టాక్సీగా పనికిరాకుండా పోయాక పసుపు బోర్డు తీయించి సొంత బండిగా రాయించాం. అప్పటి నుంచి అది మా గల్లీ బండి. అర్ధరాత్రి నొప్పులొస్తే మా బండి. ఆసుపత్రిలో ఎవరైనా పోతే మయ్యత్‌ను ఇంటికి తెచ్చేది మా బండి. నిఖాకు దుల్హా వచ్చేది దాన్లోనే.

2022లో దానికి జబ్బు చేసింది. పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లపొగ. రేడియేటర్‌లో నీళ్ళు పోస్తే సాయంత్రానికి సగం లేవు. కింద చూస్తే ఒక్క చుక్క కారలేదు. మామూ షెడ్డుకు తీసుకెళ్ళాం. మామూ ఆయిల్ మూత విప్పి మాకు చూపించాడు. లోపల పాలెక్కువైన చాయ్ రంగులో నురగ. నీళ్ళు ఆయిల్‌లో కలిశాయి. నాలుగు సిలిండర్లలో పక్కపక్కనున్న రెండింటికి కంప్రెషన్ పడిపోయింది. ఆ రెండింటి మధ్య హెడ్ గాస్కెట్ పోయిందన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే అక్కణ్ణించీ గుప్పుగుప్పున పొగ కొట్టింది. ఎక్సలేటర్ తొక్కితే సైలెన్సర్‌లోంచి నీలిపొగ.

"తెల్లపొగ నీళ్ళది. నీలిపొగ ఆయిల్‌ది. నీళ్ళ సంగతి నేను చూస్తా. కానీ రింగులు కూడా అరిగిపోయినయ్ దుల్హాభాయ్. బోరింగ్ చేయాల్సిందే" అన్నాడు మామూ.

లెక్క వేశాం. హెడ్ దించి ఫేసింగ్ చేయించి, గాస్కెట్ వేసి, ఆయిల్ మార్చితే 12 వేలు. ఇంజన్ మొత్తం దించి, బోరింగ్, పిస్టన్లు, రింగులు, బేరింగులు, క్రాంక్ గ్రైండింగ్ అన్నీ చేయిస్తే 60 వేలు. పార్టులు విజయవాడ ఆటోనగర్‌లో వెతకాలి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. దొరికేవాటిలో ఏది కంపెనీదో ఏది కాదో మామూ వేళ్ళతో తడిమి చెప్పాల్సిందే. పైగా పదిహేనేళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు ఆ ఏడాది ఏప్రిల్ నుంచి 600 కాదు, 5,000. ఫిట్‌నెస్ వేరే.

ఇక రాబడి. ఇనప సామాను వాళ్ళు తూకానికి 30 వేలు ఇస్తామన్నారు. ఇంజన్ మొత్తం చేయించి అమ్మితే 90 వేలు. అంటే ఖర్చు పోను మళ్ళీ ఆ 30 వేలే. మూడో దారి బ్రోకర్ చెప్పాడు. హెడ్ పని ఒక్కటీ చేయించండి. గట్టి ఆయిల్ పోయండి. రెండు మూడు నెలలు పొగ కనపడదు. 85 వేలకు నేను అమ్మిపెడతా. ఖర్చు పోను 73 వేలు. ఆ తర్వాత బండి ఏమైతే మనకెందుకు అన్నాడు. అతను మా వాడు కాదు. ఆ కిటుకు ఏ కులానిదీ కాదు, ఏ మతానిదీ కాదు. పాత బండ్లు అమ్మే ప్రతి చోటా ఉంది.

మాకు డబ్బు అవసరం. ఆపా కూతురికి ఇంజనీరింగ్ సీటొచ్చింది. మా ఇంట్లో కాలేజీకి వెళ్తున్న మొదటి ఆడపిల్ల. 73 వేలకూ 30 వేలకూ మధ్య ఆ పిల్ల ఫీజు ఉంది.

అబ్బా ఒప్పుకోలేదు. "రేపు ఆ బండి దారిలో ఆగితే అంబాసిడర్ ఆగిందనరు బేటా. సాయిబు ముంచాడంటారు" అన్నాడు.

సరే, ఉన్నదున్నట్టు చెప్పే అమ్ముదామనుకున్నాం. పక్క ఊరి రైతు ఒకాయన చూడటానికి వచ్చాడు. గాస్కెట్ సంగతి, రింగుల సంగతి, రెన్యువల్ సంగతి మేమే చెప్పాం. ఆయన శ్రద్ధగా విన్నాడు. చాయ్ తాగాడు. లేచి వెళ్తూ వాకిట్లో తన వెంట వచ్చినాయనతో అన్నాడు: "సాయిబులు ఇంత చెప్తున్నారంటే, ఇంకెంత దాచారో."

ఆయన ట్రాక్టరు పన్నెండేళ్ళుగా మామూ షెడ్డులోనే బాగవుతోంది. ట్రాక్టర్ వదిలేసి తాళం చెవి మామూ చేతిలో పెట్టి పొలానికి పోయే మనిషి. ఏ పార్టు వేశావు, ఎందుకు వేశావు అని ఎన్నడూ అడగలేదు. మామూ చేతుల మీద ఆయనకు అంత నమ్మకం. ఆ చేతులకు ఒక నోరు, ఒక పేరు ఉంటే మాత్రం నమ్మకం లేదు.

ఇది ఆయనొక్కడి గుణం కాదు. మీ ఇంజన్ చెడితే "సాయిబు దగ్గరికి పో, చెయ్యి మంచిది" అంటారు. ఆ సాయిబు కొడుకు అద్దెకు ఇల్లు అడిగితే "మాంసం తినేవాళ్ళకు ఇవ్వం" అంటారు, తిని చేతులు కడుక్కుంటూనే. మా తెలుగు విని "అరె, తెలుగు బాగా మాట్లాడతారే" అని ఆశ్చర్యపోతారు. మేం ఇంకే భాషలో చదువుకున్నామనుకున్నారు? అబ్బాకు ఉర్దూ రాయడం రాదు. మాకూ రాదు.

ఆ రాత్రి ఇంట్లో గొడవైంది. ఛోటే అబ్బా మీదికి లేచాడు. "నిజం చెప్పినా నమ్మరు. అబద్ధం చెప్పినా అదే పేరు. మరి నిజానికి 43 వేలు ఎందుకు పోగొట్టుకోవాలి? ఆ పిల్ల ఫీజు వాళ్ళు కడతారా?" అన్నాడు. అబ్బా దగ్గర జవాబు లేదు. మా దగ్గరా లేదు. లెక్క ప్రకారం ఛోటే చెప్పింది తప్పు కాదు.

జవాబు అమ్మీ చెప్పింది. వంటింటి గడప మీద కూర్చుని, బియ్యంలో రాళ్ళు ఏరుతూ చెప్పింది. "సాయిబు అంటారో ఇంకేమంటారో నాకెందుకు? ఆ బండిలో రేపు ఎవరింటి ఆడపిల్లనో అర్ధరాత్రి పురిటికి తీసుకుపోతారు. ఇంజన్ నడిరోడ్డు మీద ఆగితే ఆ పిల్ల గతేంటి?" ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి, అడుగున తడి తగిలితే ప్రవక్త ఆ వ్యాపారిని నిలదీసిన సంగతి చిన్నప్పుడు వాళ్ళ నాన్న చెప్పాడట. తడి గింజలు పైన పోసి ఉంచాలి, కొనేవాడికి కనపడాలి. అంతే అంది. మళ్ళీ రాళ్ళు ఏరుకుంది.

అబ్బా చెప్పిందీ అమ్మీ చెప్పిందీ ఒకటే పని. కారణాలు వేరు. అబ్బాది భయం. ముప్పై ఏళ్ళు డిక్కీ తెరిచీ మూసీ, అంకె గీకీ అంటించీ వచ్చిన భయం. తనొక్కడు తప్పు చేస్తే గల్లీ అంతా, మసీదు అంతా, ఎక్కడెక్కడి సాయిబులో జవాబు చెప్పుకోవాలన్న భయం. అమ్మీది భయం కాదు. ఎదుటి మనిషి ప్రాణం గురించిన ఆలోచన. ఏ తల్లికైనా రావలసిన మామూలు ఆలోచన.

ఒక కాగితం మీద బండి జబ్బులన్నీ వరసగా రాశాం. తెలుగులో. గాస్కెట్, రింగులు, కంప్రెషన్, రెన్యువల్, వెనక ఎడమ డోరు సరిగా పడదన్న సంగతి కూడా. అబ్బా కింద సంతకం పెట్టాడు. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక మెకానిక్ ఆ కాగితం చదివి, తనే ఇంజన్ పని చేసుకుంటానని 42 వేలకు తీసుకెళ్ళాడు. పని తెలిసినవాడు కాబట్టి కాగితాన్ని కాగితంగా చదివాడు. అతని మతమేంటో ఇక్కడ చెప్పం. చెప్తే మీరు వెంటనే ఒక లెక్క వేసుకుంటారు.

73 వేలలో 42 పోతే 31 వేలు. ఆపా గాజులు రెండు తాకట్టుకు వెళ్ళాయి. పిల్ల కాలేజీలో చేరింది. నిజాయితీకి ఖర్చవుతుందని మాకు తెలుసు. అది ఎవరికైనా అవుతుంది. దాని గురించి మా ఫిర్యాదు లేదు. మెప్పు కూడా అక్కర్లేదు. "సాయిబు అయినా మంచోడు" అని భుజం తట్టేవాళ్ళతోనే మాకు ఎక్కువ పేచీ. ఆ "అయినా" అన్న మాటలో మమ్మల్ని ముందే తూకం వేసి పడేశారు.

మేం అమ్మీ చెప్పిన కారణంతో నిజం చెప్పాలనుకుంటున్నాం. అబ్బా చెప్పిన కారణంతో చెప్పాల్సిన స్థితిలో మమ్మల్ని ఉంచింది మీరు. మీలో ఒకడు పొగ దాచి బండి అమ్మితే వాడి పేరు పెట్టి తిట్టుకుంటారు. మాకూ అంతపాటి మామూలుతనం ఇవ్వండి. మాలో ఎవడైనా ముంచితే, వాడి పేరుతో వాణ్ణి తిట్టండి.