కర్రోడు అచ్చిండు

మొన్న దసరాకు గోదావరిఖని పోయినప్పుడు చౌరస్తా దగ్గర హోటల్లో నలుగురం పాత దోస్తులం కలిశాం. బయట బండ్లన్నీ బంతిపూల దండలతో, చక్రాల కింద నలిగిన నిమ్మకాయలతో నిలబడి ఉన్నాయి. ఇంత మర్యాద చేస్తున్నారు కదా అనిపించి, ‘మీ బండ్లకు పేర్లున్నాయారా?’ అని అడిగాను.

పకపకా నవ్వారు. ‘బండికి పేరేందిరా, బండి బండే’ అన్నాడు ఒకడు. రెండో చాయ్ వచ్చేసరికి అసలు సంగతులు బయటపడ్డాయి. ఆ మాటన్నవాడే తన టీవీఎస్ ఎక్సెల్‌ని ‘గాడిది’ అంటాడట, ఎంత బరువేసినా మోస్తుందని. ఇంకొకడి పాత బుల్లెట్ పేరు ‘దొర’. పొద్దున నాలుగు తన్నులు తంతే గానీ లేవడు! మూడోవాడు యూనియన్‌లో తిరిగే మనిషి, బండి ట్యాంకు మీద చే గువేరా బొమ్మ ఉంటుంది. ‘మా చే కూడా పేరు పెట్టుకున్న బండి మీదనే పోయిండు’ అన్నాడు. నిజమే. 1952లో చే, ఆయన మిత్రుడు గ్రనాడో దక్షిణ అమెరికా తిరగడానికి బయల్దేరిన నార్టన్ బండి పేరు ‘లా పొదెరోసా’, అంటే బలశాలి. పాపం ఆ బలశాలి చిలీలోనే చతికిలబడింది.

నా వంతు వచ్చింది. మా కర్రోడి గురించి చెప్పాను.

ఖనిలో అన్నిటికీ నంబర్లే. వన్ ఇంక్లయిన్, టూ ఏ, ఫైవ్, లెవెన్... బాయిలను పిలిచేది ఇట్లాగే. కాలనీ పేరు కూడా ఎయిట్ ఇంక్లయిన్ కాలనీ. క్వార్టర్‌కు నంబరు, టోపీ లైటుకు నంబరు, మస్టర్‌లో మనిషికీ నంబరే. అట్లాంటి ఊళ్లో మా ఇంట్లో ఒక బండికి పేరుండేది.

1991లో బాపు బోనస్ పైసలకు చిట్టి పైసలు కలిపి సెకండ్‌హ్యాండ్ రాజ్‌దూత్ కొన్నాడు. నల్ల బండి. అప్పటిదాకా సైకిల్ మీదనే బాయికి పోయేవాడు. పేరు పెట్టింది మాత్రం అమ్మ. పెళ్లయిన కొత్తలో పెద్దపల్లి దగ్గర మా ఊళ్లో ఒక నల్లటి ఎద్దు ఉండేదట. బాపుకు బాయిలో నౌకరి దొరికి ఖనికి వచ్చేటప్పుడు దాన్ని అమ్మేశారు. ఆ దిగులు అమ్మకు పోలేదు. కొత్తగా వచ్చిన బండికి పసుపు, కుంకుమ పెట్టి, ‘మా కర్రోడు మళ్ల అచ్చిండు’ అంది. అంతే, అదే పేరయింది.

అది టూ స్ట్రోక్ బండి. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాలి. కొన్నాళ్లకు సైలెన్సర్‌లో మసి పేరుకుని దగ్గడం మొదలుపెట్టేది. సెలవు రోజు బాపు సైలెన్సర్ విప్పి గీకుతూ కూర్చునేవాడు, మధ్యమధ్య తానూ దగ్గేవాడు. ‘నీకూ దానికీ ఒక్కటే బీమారి’ అనేది అమ్మ.

సెకండ్ షిఫ్ట్ రాత్రి 11 గంటలకు దిగేది. ఆ వారమంతా అమ్మకు నిద్ర ఉండేది కాదు. మా వాడలో చాలా బండ్లుండేవి. అయినా మలుపు తిరుగుతుంటేనే మా బండి చప్పుడు పోల్చుకునేది. ‘కర్రోడు అచ్చిండు, నీళ్లు తోడు బిడ్డా’ అని నన్ను లేపేది. ‘మీ బాపు అచ్చిండు’ అని మాత్రం ఎన్నడూ అనలేదు. పెద్దయ్యాక ఒకసారి ఎందుకని అడిగాను. ‘బాయిల నుంచి మంచిగ అచ్చిండని రోజూ నోటితోని అంటే దిష్టి తగులదా?’ అంది. మా అమ్మ తరం ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు కదా. బండికి పెట్టిన పేరు అసలు ఎవరిదో అప్పుడు తెలిసింది.

2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొరబడి 17 మంది కార్మికులు చనిపోయారు. బాపు పని చేసేది వేరే బాయిలో. అది తెలిసి కూడా అమ్మ గేటు పట్టుకుని నిలబడింది. వాడంతా గేట్ల దగ్గరే ఉంది. మలుపులో ఆ డుగుడుగు వినబడగానే అమ్మ గడప మీద కూలబడింది. నీళ్లు తోడమని కూడా అనలేదు. అట్లా ఎదురుచూసి, ఏ చప్పుడూ రాని ఇళ్లు ఆ రోజు 17.

బాపు రిటైరయ్యేనాటికి ఆ బండికి పార్టులు దొరకడం కష్టమైంది. ఓ రోజు పాత ఇనుపసామాన్లవాడిని పిలిచాడు. వాడు తరాజు తీయగానే అమ్మ గొడవ పెట్టుకుంది. ‘పేరు పెట్టి పిలిచినదాన్ని కిలోల లెక్కన అమ్ముతవా?’

‘నడువని ఎద్దును కట్టేసుకుంటే దానికే గోస’ అన్నాడు బాపు, తల పైకెత్తకుండా.

బండి పోయింది. తాళంచెవి మాత్రం అమ్మ ఇవ్వలేదు.

బాపు పోయి నాలుగేళ్లయింది. అమ్మ ఇప్పుడు కరీంనగర్‌లో నా దగ్గరే ఉంటుంది. నాది ఎలక్ట్రిక్ స్కూటర్. రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టుకున్న బజాజ్ చేతక్ కూడా 2020లో ఎలక్ట్రిక్‌గా తిరిగొచ్చింది. పేరు అదే, చప్పుడు పోయింది. పెట్రోల్ ఖర్చు తప్పిందని నేను సంబరపడ్డాను గానీ, అమ్మ వారం తిరగకుండానే నిలదీసింది. ‘ఇదేం బండిరా, సప్పుడే లేదు. నువ్వు అచ్చింది నాకెట్ల తెలువాలె?’

ఈ వయసులో కూడా ఆమె నా కోసం మేలుకుని ఉంటోందని నాకప్పుడు అర్థమైంది.

అప్పటి నుంచి ఎంత రాత్రయినా మా గల్లీ మలుపు దగ్గర రెండుసార్లు హారన్ కొడుతున్నాను. పక్కింటివాళ్లు విసుక్కుంటారు. కొట్టగానే మా ఇంట్లో లైటు వెలుగుతుంది. తలుపు దాకా వచ్చేసరికి అమ్మ మా ఆవిడతో చెప్పడం వినిపిస్తుంది.

‘మూగోడు అచ్చిండు, బువ్వ పెట్టు బిడ్డా.’