మిత్తి లేని పెట్టుబడి

“మీరు లాభం జూసుకొని మతం మారుతరు” అని మా వెల్గటూరు దిక్కు పెద్దకులపోళ్లు ఇప్పటికీ అంటుంటరు. సరే, లెక్కలే తీద్దాం.

తరతరాలు ఊరి దేవుళ్లకు పెట్టుబడి పెట్టింది మేమే. జాతర్ల డప్పు మాది, వెట్టి మాది. మా అవ్వ ధర్మపురి నర్సింహస్వామికి ముడుపులు గట్టింది. మా తాత డప్పు గొట్టి ఊరి గుడి గడప బయటనే నిలవడ్డడు. అసలే మునిగింది, ఇగ మిత్తి ఊసెక్కడిది?

మా చిన్నాయిన ఏసును నమ్మిండు. వచ్చింది: అందరితోటి ఒక్క చాప మీద కూసునుడు, ‘అన్నా’ అన్న పిలుపు. పోయింది: ఎస్సీ కాయితం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ కావాలంటె హిందువై ఉండాలె. 1956ల సిక్కులందరినీ, 1990ల బౌద్ధులనూ కలిపిండ్రు. క్రైస్తవులైన దళితులకు నేటికీ ఆ హోదా లేదు. మన దగ్గర వాళ్లు బీసీ-సి, ఒక్క శాతం. లాభం కోసమే అయితే ఇంత నష్టం నెత్తికెవడు ఎత్తుకుంటడు?

మతానికి ధర గట్టింది మేం కాదు, రాజ్యం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌ల అంబేద్కర్ బౌద్ధం తీసుకుంటే లక్షల మంది వెంట నడిచిండ్రు. అప్పుడు బౌద్ధులకు ఎస్సీ హోదా లేదు. వాళ్లు జూసుకున్నది మనిషిగ బతుకుడు. దాన్నే లాభమంటే అనుండ్రి. ఆ లాభం మాకు కావాలె.