ఐదు నిమిషాల కిక్రి

ఉట్నూరు దిక్కు పిల్లలకు జానపద వాద్య పోటీలు పెట్టారు, చూసి రాయమని సంపాదకులు పంపారు. కరీంనగర్ నుంచి జగిత్యాల, లక్సెట్టిపేట, జన్నారం దాటి కవ్వాల్ అడవిలోంచి పోయే దారి. షామియానా, మైకులు, ముఖ్య అతిథి కోసం ఎదురుచూపులు ఏ ఊళ్లోనైనా ఉండేవే. నేను మాత్రం ఎక్కువసేపు వేదిక వెనుక చెట్టు కింద, గోండుల కథకులైన ప్రధాన్ల పెద్దమనిషి ఒకాయన ముందు కూర్చుండిపోయాను.

ఆయన తన మనవడి కిక్రి కమానుకు వెంట్రుకలు కడుతున్నాడు. గుర్రపు తోక వెంట్రుకల పాయను ఒళ్లో పరుచుకుని పొట్టివీ తెగినవీ ఏరి పక్కకు పెట్టాడు. మిగిలినవాటిని ఒక కొసన ముడివేసి పళ్ల మధ్య పట్టాడు. రెండో కొసను వంపు కర్రకు చుడుతూ, చుట్టుచుట్టుకూ బొటనవేలితో ఒత్తి బిగువు చూశాడు. ఎడమచేతి వేళ్ల కొసలు కాయకాచి నల్లబడ్డాయి, తంతి ఒరిసిన చోట గాడి కనబడుతోంది. ముడి ఒక్కసారి జారింది. విసుక్కోలేదు, మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాడు. చివరికి ఎండిన చెట్టుబంక ముక్కను వెంట్రుకల మీద పైకీ కిందికీ రుద్ది, కమానును మనవడి చేతికిచ్చాడు. "గుర్రాలేడున్నయి సారూ ఇప్పుడు? పెండ్లి బరాత్‌ గుర్రపాయనను బతిలాడి తెచ్చిన. కొందరు ప్లాస్టిక్ దారం కడుతున్నరు. మోగుతది గని ఏడువది" అన్నాడు.

మంచి కిక్రి గొంతులో నిజంగానే ఒక ఏడుపు జీర ఉంటుంది. తోలు బిగించిన చెక్క బుర్ర, పొడుగాటి కాడ, మూడు తంతులు. చూడడానికి అంతే. కానీ కమాను ఆడితే మనిషి గొంతు వెంబడి మరో మనిషి గొంతు నడుస్తున్నట్టుంటుంది. ఎందుకంటే అది ఒంటరిగా వాయించే వాద్యం కాదు, కథ చెప్పేవాడికి తోడు. గోండులు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలుగా, అంటే వంశ శాఖలుగా ఉంటారు. ప్రతి సగకూ తన పుట్టుక కథ ఉంది. ఆ కథ పాడడం తరతరాలుగా ప్రధాన్ల, తోటీల వంతు. శంభు మహాదేవుడు గుహలో మూసేసిన గోండు దేవుళ్లను పహండి కుపార్ లింగాల్ ఎట్లా బయటికి తెచ్చాడో, ఎవరిని ఏ సగలో నిలిపాడో, ఎవరు ఎవరికి వియ్యమవుతారో ఆ పాటలోనే ఉంది. గోండులకు అదే పురాణం, అదే వంశచరిత్ర, పెళ్లి సంబంధాల ధర్మశాస్త్రం కూడా అదే. ఇంకో సంగతి: ప్రధాన్లు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ, కథ పాడేది గోండీలో. అంటే కిక్రి పట్టిన పిల్లవాడు వేళ్లతో పాటు మరో భాషనూ, అందులోని పాత మాటలనూ నేర్చుకోవాలి. ఇది ఒక వేసవి శిబిరంలో అయ్యే పని కాదు.

పోటీలో ఆ పిల్లవాడికి దొరికింది ఐదు నిమిషాలు. హార్మోనియం, కీబోర్డు, ఊదే పెప్రె, కిక్రి అన్నీ ఒకే విభాగం, అందరికీ ఒకే గంట. పద్నాలుగేళ్లుంటాయేమో వాడికి. కళ్లు మూసుకుని, ముందు దేవుళ్లను తలుచుకునే వరస ఎత్తుకున్నాడు. తాత నేర్పిన క్రమం అదే, అది తప్పితే కథకు దారి లేదు. తంతులు కుదురుకుని, కమాను నిలదొక్కుకుని, వాడు నోరు తెరవబోయేసరికి గంట మోగింది. న్యాయనిర్ణేతల్లో ఒకాయన ప్రేమగానే అన్నాడు: "బాగా వాయించావు నాయనా, ఇంకొంచెం హుషారైనది ఎత్తుకుంటే బాగుండేది." మొదటి బహుమతి హార్మోనియం మీద భజన పాట పలికించిన పిల్లవాడికి వెళ్లింది. ఆ పిల్లవాడు శ్రద్ధగా వాయించాడు, బహుమతికి తగినవాడే.

పెద్దాయన నాతో ఏమీ అనలేదు. పక్కన కూర్చున్న తన ఊరాయనతో అంటుంటే విన్నాను: "ఐదు నిమిషాలల్ల దేవుండ్లకు దండం పెట్టుడే ఒడువలే. ఇగ కథ ఎన్నడు జెప్పాలె? పోరడు కిక్రి వాయించిండు అనుకుంటున్నరు ఆళ్లు. వాడు ఇంక నోరే తెరువకపాయె."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. మాది కరీంనగర్ ప్రాంతం. హన్మాజీపేట మిద్దె రాములు ఒగ్గుకథ విన్న ఊళ్లు మావి. జగ్గు మీద మొదటి దెబ్బ పడ్డాక తెల్లవారేదాకా కదలని జనం మాకు తెలుసు. అట్లాంటి చోట పుట్టినవాళ్లం కూడా పక్క జిల్లా పిల్లవాడి కథను ఐదు నిమిషాలకు కోసి, అందులో హుషారు వెతకడం నాకు కోపం తెప్పించింది.

హార్మోనియం మీద నాకు పగ లేదు. తిత్తి గాలికి లోహపు నాలుకలు కదిలి పలికే వాద్యం అది, ఫ్రాన్సు నుంచి వచ్చింది. అకార్డియన్‌కు దగ్గరి చుట్టం. గమకం పలకదని ఆకాశవాణి 1940లో దాన్ని దూరం పెట్టింది, 1971 దాకా ఆ నిషేధం నడిచింది. ఈలోగా మన నాటకాలూ, చిందు యక్షగానాలూ, భజన మండళ్లూ దాన్ని సొంతం చేసుకున్నాయి. బయటినుంచి వచ్చింది సొంతం కావడంలో తప్పేమీ లేదు. కొలంబియాలో వల్యెదుపార్ అనే పట్టణం ఉంది. అక్కడి పశువుల కాపర్ల పాటల్లోకి ఐరోపా నుంచి అకార్డియన్ వచ్చి చేరింది. 1968 నుంచి ఏటా ఆ పట్టణంలో అకార్డియన్ పోటీలు జరుగుతున్నాయి, తర్వాత పిల్లలకూ కుర్రకారుకూ వేరే విభాగాలు వచ్చాయి. అక్కడ ఎవరికి నచ్చింది వాళ్లు వాయించి దిగిపోతే కుదరదు. పసెయో, సోన్, మెరెంగే, పుయా అనే నాలుగు వరసల్లోనూ నిలబడాలి. సోన్ నెమ్మదిది, పుయా ఉరుకులాటది. గెలవాలనుకున్న పిల్లవాడు నెమ్మదిది కూడా నేర్చుకోక తప్పదు. ఇంత చేసినా ఆ సంగీతం 2015లో యునెస్కో తక్షణ రక్షణ జాబితాకెక్కింది. పోటీ ఒక్కటే ఏ కళనూ బతికించలేదు, నిజమే. కానీ పోటీ నియమం దేన్ని అడుగుతుందో పిల్లలు దాన్నే నేర్చుకుంటారు. మనం హుషారును అడుగుతున్నాం.

ఆదిలాబాద్ కళల్లో గోండుల గుస్సాడీ నృత్యానికి చూపు దొరికింది. మార్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయేనాటికి నెమలి ఈకల టోపీలు రాష్ట్రమంతటికీ తెలుసు. కిక్రికి మాత్రం ఇంకా చెవి దొరకలేదు. నెమలి ఈకలు దూరం నుంచి కనబడతాయి, కిక్రి దగ్గర కూర్చుంటేనే వినబడుతుంది. అదే మార్లవాయిలో 1940లలో కాపురముండి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ కథలను రాసుకున్నాడు, 1948లో పుస్తకం వేశాడు. దానివల్ల కథ కాగితం మీద ఉంది. ఏ మాట దగ్గర కమాను ఆగాలో, ఏ దేవుడి పేరు దగ్గర తంతి కిందికి దిగాలో ఆ కాగితం చెప్పదు. అది చెట్టు కింద కూర్చున్న ఆ పెద్దాయనకే తెలుసు.

ఆయన బతుకు ఎట్లా గడుస్తోందో ఎవరూ అడగరు. ఒకప్పుడు ప్రధాన్‌కు తన గోండు ఇళ్లు ఉండేవి. పెళ్లికీ చావుకూ పూజకూ పిలుపొచ్చేది, గింజలో పశువో బట్టలో ముట్టేవి. ఇప్పుడు పిలిచే ఇళ్లు తగ్గాయి, పిలిచినా రాత్రంతా కూర్చునేవాళ్లు తగ్గారు. మధ్యప్రదేశ్ ప్రధాన్లకూ ఇదే గతి పట్టినప్పుడు పాటన్‌గఢ్ కుర్రవాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పాటను బొమ్మల్లోకి తెచ్చాడు, భోపాల్ భారత్ భవన్ ఆయన్ను నిలబెట్టింది. ఆ బొమ్మలు లోకమంతా తిరిగాయి. మన దగ్గర కిక్రిని కిక్రిగానే నిలబెట్టవచ్చు, అదేమంత ఖర్చైన పని కాదు. పోటీలో పిల్లవాడితో పాటు నేర్పిన పెద్దనూ కూర్చోబెట్టండి. ఒక్క ఘట్టమైనా మొదటి నుంచి చివరి దాకా గోండీలో పాడనివ్వండి. ఆ భాష తెలిసిన పటేళ్లనూ ప్రధాన్లనూ న్యాయనిర్ణేతలుగా పిలవండి. బహుమతి సొమ్ములో సగం గురువుకివ్వండి, ఏడాదంతా నేర్పినందుకు నెలనెలా గౌరవ వేతనం ఇవ్వండి. ఇవే మాటలు నిర్వాహకులతోనూ చెప్పాను. కాగితం మీద రాసుకున్నారు, వేదిక అద్దె, సమయం సమస్య అన్నారు.

వేదిక సంగతి పెద్దాయన్ను అడిగితే ఆయన దగ్గర సమాధానం ఉంది. వైశాఖంలో గోండుల వంశ దైవం పెర్సా పేన్ పూజ ఉంటుంది, ఆ రాత్రి కథ ఎట్లాగూ చెప్పాలి. మనవడు కిక్రి పడతాడు, తాను చెబుతాడు, నడిమిట్ల వాడికి వచ్చినంత వాడూ చెబుతాడు. "ఆ మార్కులేసే సార్లను సుత తోలుకరా సారూ. తిండి మేమే పెడతం. పొద్దుగూకకముందే రమ్మను, మొదలు వినకపోతే నడుమల సమజ్ కాదు" అన్నాడు.